లైనక్స్‌లో ఈథర్‌నెట్ కార్డు ట్యూనింగ్: ఏ పనికి ఏ సెట్టింగ్ నప్పుతుంది

నెట్ నెమ్మదించిందనగానే చాలామంది చేసే మొదటి పని, ఎక్కడో దొరికిన నాలుగు ఈథ్‌టూల్ (కార్డు సెట్టింగులు చూపించి, మార్చే ప్రోగ్రాం) కమాండ్లు తెచ్చి సర్వర్‌లో అతికించేయడం. ఆ కమాండ్లు ఎవరికో ఒకరికి పనిచేసినవే. కానీ ఆయన నడిపేది రాత్రీ పగలూ పెద్ద ఫైళ్లు పంపే సర్వర్ కావచ్చు, మీరు నడిపేది నలభై మంది కూర్చునే ఆఫీసుకి గేట్‌వే కావచ్చు. డ్రైవర్‌లో ప్రతి సెట్టింగూ ఒక బేరమే. ఆలస్యం తగ్గించుకుంటే ప్రాసెసర్ మీద బరువు పెరుగుతుంది, ఆ బరువు దించుకుంటే ఆలస్యం పెరుగుతుంది. అందుకే ఇక్కడ అందరికీ సరిపోయే ఒకే జాబితా ఇవ్వడం లేదు. ఎక్కడెక్కడ రెండు దారులున్నాయో, మీ పనికి వాటిలో ఏది నప్పుతుందో చెబుతాను.

ముందుగా ఈథ్‌టూల్ గురించి ఒక మాట. చిన్న అక్షరం చూపిస్తుంది, పెద్ద అక్షరం మారుస్తుంది. చిన్న జీ ఇస్తే రింగ్ (ప్రాసెసర్ ఎత్తుకునేదాకా ప్యాకెట్లు ఆగే చోటు) సైజు చూపిస్తుంది, పెద్ద జీ ఇస్తే మారుస్తుంది. ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ని లేపే పిలుపు) సెట్టింగులకు సీ, ఆఫ్‌లోడ్‌లకు (ప్రాసెసర్ పనిని కార్డుకి అప్పగించడం) కే, పాజ్ ఫ్రేములకు (కాసేపు పంపొద్దని అవతలివైపుకి చెప్పే సందేశాలు) ఏ, క్యూలకు ఎల్, అన్నీ ఇదే పద్ధతి. ఎస్ ఒక్కటే తేడా. పెద్ద ఎస్ గణాంకాలు చూపిస్తుంది, చిన్న ఎస్ స్పీడు, డూప్లెక్స్ మారుస్తుంది. రిమోట్‌గా పనిచేసేటప్పుడు ఈ తేడా మర్చిపోతే అప్పటికప్పుడే లైన్ పోగొట్టుకుంటారు.

అసలు ట్యూనింగ్ కావాలా, వద్దా

గిగాబిట్ కార్డు మీద వేగం కొలిచే ఐపెర్ఫ్ నడిపితే 941 మెగాబిట్లు వస్తోందా? అయితే కార్డు, కేబులు, డ్రైవర్ మూడూ తమ పని పూర్తిగా చేస్తున్నాయి. 1500 ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) ఉన్న ప్రతి ప్యాకెట్‌కీ తీగ మీద 1538 బైట్ల చోటు పడుతుంది. హెడర్లు, టైమ్‌స్టాంప్ పోగా అందులో అసలు సరుకు 1448 బైట్లు. ఆ నిష్పత్తి కట్టి చూడండి, సరిగ్గా 941 వస్తుంది. అంతకు మించి ఆ తీగలోంచి రాదు, ఏ కమాండూ తేలేదు. నాకు 940 దాటడం లేదంటూ గంటల తరబడి సెట్టింగులు మార్చేవాళ్లని చూశాను, మనసు చివుక్కుమంటుంది.

94 దగ్గర ఆగిపోయిందా? అది ట్యూనింగ్ సమస్య కాదు. లింక్ 100 మెగాబిట్లకు పడిపోయింది. ఎనిమిది తీగల్లో ఒకటో రెండో సరిగ్గా తగలడం లేదు, కేబుల్ మార్చండి. అప్పుడు కొందరు స్పీడుని చేత్తో 1000కి బిగించి ఆటో నెగోషియేషన్ (రెండు వైపులా తమలో తాము వేగం కుదుర్చుకోవడం) ఆపేస్తారు. రాగి తీగ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. ఒక వైపు దాన్ని ఆపేసి 100 ఫుల్ డూప్లెక్స్‌కి బిగించి రెండో వైపు ఆటోలో వదిలేస్తే, ఆ రెండో వైపు హాఫ్ డూప్లెక్స్‌లోకి (ఒకసారికి ఒకవైపే పంపగలిగే పద్ధతి) దిగిపోతుంది. పింగ్ బాగానే వెళుతుంది, పెద్ద ఫైలు కాపీ మాత్రం పాకుతుంది. ఈ తప్పు పట్టుకోవడం చాలా కష్టం. కాబట్టి ఆటోలోనే ఉంచండి.

కెర్నెల్‌లో ఉన్న డ్రైవరా, కంపెనీ ఇచ్చేదా

ఇంటెల్ కార్డులకు కెర్నెల్‌లోనే డ్రైవర్లున్నాయి. పాత 82574 లాంటి చిప్పులకి ఈ1000ఈ, ఐ210, ఐ350కి ఐజీబీ, రెండున్నర గిగాబిట్ల ఐ225, ఐ226కి ఐజీసీ, పది గిగాబిట్ల 82599కి ఐఎక్స్‌జీబీఈ. రియల్‌టెక్ గిగాబిట్ చిప్పులకి కెర్నెల్‌లో ఆర్8169 ఉంది, కంపెనీ విడిగా ఆర్8168 ఇస్తుంది.

నా సలహా ఒక్కటే: కెర్నెల్‌లో ఉన్నదానితో మొదలుపెట్టండి. కెర్నెల్ అప్‌డేట్ అయితే డ్రైవర్ కూడా దానితోపాటే వస్తుంది, సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని లోడ్ కానివ్వని రక్షణ) ఉన్నా సంతకం గొడవ ఉండదు. విడి డ్రైవర్ అయితే ప్రతి కొత్త కెర్నెల్‌కీ డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. హెడర్ ఫైళ్లు లేకపోతే, కంపైల్ తప్పితే, రీబూట్ తర్వాత మెషీన్‌కి నెట్ ఉండదు. సరిచేయడానికి కావలసిన ప్యాకేజీ తెచ్చుకోవడానికి కూడా నెట్ ఉండదు. మానిటర్ లేని సర్వర్ ఊరవతల రాక్‌లో ఉంటే ఇది ఎంత పెద్ద తలనొప్పో చెప్పనక్కర్లేదు.

కంపెనీ డ్రైవర్ వైపు వెళ్లడానికి రెండు సరైన కారణాలున్నాయి. చిప్పు మరీ కొత్తదై మీ డిస్ట్రిబ్యూషన్ కెర్నెల్ దాన్ని గుర్తించకపోవడం ఒకటి. కెర్నెల్ డ్రైవర్‌తో లింక్ పదేపదే తెగుతోందని లాగ్‌లో స్పష్టంగా కనిపించడం రెండోది. మొదటిదానికి కూడా కొత్త కెర్నెల్ దొరికితే అదే మేలు. ఉదాహరణకు రియల్‌టెక్ 8125కి 5.4 కెర్నెల్ నుంచి ఆర్8169లోనే మద్దతు ఉంది.

ఇక్కడ చాలామంది కాలు జారే చోటు ఇంకొకటుంది. పాత గైడ్లలో ఇంటరప్ట్‌థ్రాటిల్‌రేట్ (సెకనుకి ఎన్ని ఇంటరప్ట్‌లో), ఆర్‌ఎస్‌ఎస్ (రద్దీని ఎన్ని క్యూలకి పంచాలో) లాంటి మాడ్యూల్ ఆప్షన్లు, అంటే డ్రైవర్ లోడయ్యేటప్పుడు ఇచ్చేవి, కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చే ఐజీబీలో అవి ఉంటాయి, కెర్నెల్‌లో ఉన్న ఐజీబీలో ఉండవు. మోడ్‌ప్రోబ్ ఫైల్లో రాసి రీబూట్ చేస్తే డ్రైవర్ ఏ ఎర్రరూ లేకుండా లోడవుతుంది, లేని ఆప్షన్‌ని వదిలేశానని లాగ్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. మీరేమో సెట్టింగ్ పడిందనే అనుకుంటారు. కాబట్టి ఏ ఆప్షన్ రాసే ముందైనా మోడ్ఇన్ఫో కమాండ్‌కి చిన్న పీ ఇచ్చి, మీ దగ్గరున్న డ్రైవర్‌లో ఏమున్నాయో చూడండి. కెర్నెల్ ఈ1000ఈలో ఇంటరప్ట్‌థ్రాటిల్‌రేట్ ఇప్పటికీ ఉంది. మిగతావాటిలో ఆ పని ఈథ్‌టూల్‌తోనే చేయాలి.

డ్రైవర్ ఒక్కటే మంచిదైతే చాలదని చెప్పే సంఘటన 2008లో జరిగింది. 2.6.27 పరీక్షా కెర్నెళ్లు నడిపినవాళ్లలో కొందరి ఈ1000ఈ కార్డుల్లో లోపలి మెమొరీ చెరిగిపోయి కార్డులు పనికిరాకుండా పోయాయి. అందరూ నెట్‌వర్క్ డ్రైవర్‌నే అనుమానించారు. చివరికి తప్పు కెర్నెల్‌లోని ఎఫ్‌ట్రేస్ అనే వేరే భాగంలో దొరికింది. తిరిగిచ్చేసిన మెమొరీ చిరునామాలోనే అది ఇంకా రాస్తోంది, ఆ చిరునామాలో అప్పటికి కార్డు ఉంది. లక్షణం ఒక చోట, రోగం ఇంకో చోట.

ఇంటరప్ట్‌లు: వెంటనే కదలాలా, నిండాక కదలాలా

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

షేర్ ఆటో గుర్తు తెచ్చుకోండి. ఒక్కరు ఎక్కగానే బయలుదేరితే ఆ ఒక్కరికి సుఖం, కానీ డీజిల్ దండగ. నిండేదాకా ఆగితే డీజిల్ కలిసొస్తుంది, మొదట ఎక్కినాయన విసుక్కుంటాడు. కార్డు ప్రాసెసర్‌ని లేపడం కూడా అంతే. గిగాబిట్ లైన్ పూర్తిగా నిండితే పెద్ద ప్యాకెట్లు సెకనుకి 81 వేలకు పైగా వస్తాయి, అంటే దాదాపు 12 మైక్రోసెకన్లకి ఒకటి. అన్నీ 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే సెకనుకి 14 లక్షల 88 వేలు. ఒక్కోదానికీ ప్రాసెసర్‌ని లేపితే అది లేవడంతోనే సరిపెట్టుకుంటుంది. అందుకే కార్డు కొంత సమయం ఆగి, పోగైన ప్యాకెట్లన్నిటికీ కలిపి ఒక్క ఇంటరప్ట్ ఇస్తుంది. ఆ సమయమే ఆర్‌ఎక్స్-యూసెక్స్.

ఎంచుకోవాల్సింది డ్రైవర్ తనంతట తాను మార్చుకునే పద్ధతికీ, మీరు బిగించే స్థిరమైన విలువకీ మధ్య. ఈ1000ఈలో ఇంటరప్ట్‌థ్రాటిల్‌రేట్ 3 అంటే జాగ్రత్తగా మారే పద్ధతి, మొదటి నుంచీ ఉండేది ఇదే. పెద్ద ఫైళ్ల రద్దీ అని కనిపెడితే సెకనుకి 4,000 ఇంటరప్ట్‌లకు తగ్గుతుంది, చిన్న చిన్న ప్యాకెట్లని కనిపెడితే మెట్టు మెట్టుగా 20,000 దాకా ఎక్కుతుంది. 1 అంటే ఇంకా చురుకైన పద్ధతి, ఆలస్యం అసలు కుదరని రద్దీకి 70,000 దాకా వెళుతుంది. 0 అంటే ఆగడమే లేదు. 100 నుంచి లక్ష దాకా ఏ సంఖ్య ఇచ్చినా సెకనుకి అన్ని ఇంటరప్ట్‌లే అని అర్థం.

ఇప్పుడు ఒక మెలిక. ఈ1000ఈ కార్డు మీద ఈథ్‌టూల్‌కి చిన్న సీ ఇచ్చి చూస్తే ఆర్‌ఎక్స్-యూసెక్స్ 3 అని కనబడుతుంది. అది మూడు మైక్రోసెకన్లు అనుకుంటాం. కాదు. అది పైన చెప్పిన 3వ నంబరు పద్ధతి. ఐజీబీలోనూ 3కి ఇదే అర్థం. ఐఎక్స్‌జీబీఈలో 1 అంటే డ్రైవరే మార్చుకుంటుందని. "మూడు మైక్రోసెకన్లే ఉంది కదా, ఇంకా ఏం తగ్గించాలి" అని వదిలేసినవాళ్లూ, "మూడు మరీ తక్కువ, పదికి పెంచుదాం" అని 10 ఇచ్చి సెకనుకి లక్ష ఇంటరప్ట్‌ల దాకా దారి తెరిచి ప్రాసెసర్‌ని మాడ్చినవాళ్లూ ఉన్నారు. స్థిరమైన విలువ కావాలంటే లెక్క తేలిక: పది లక్షలని మీరిచ్చే మైక్రోసెకన్లతో భాగించండి. 50 ఇస్తే 20,000, 125 ఇస్తే 8,000. 125 మైక్రోసెకన్లంటే నిండు గిగాబిట్ లైన్‌లో పది పెద్ద ప్యాకెట్లకి ఒక ఇంటరప్ట్.

ఏది ఎంచుకోవాలి? ఇల్లు, ఆఫీసు, ఫైల్ సర్వర్, వెబ్ సర్వర్ అయితే డ్రైవర్‌కే వదిలేయండి. డేటాబేస్ ఒక మెషీన్‌లో, అప్లికేషన్ ఇంకో మెషీన్‌లో ఉండి, ఒక్కో పేజీకి వందల చిన్న ప్రశ్నలు అటూ ఇటూ తిరుగుతుంటే 1 పెట్టి కొలవండి, ఒక్కో ప్రశ్నలో మిగిలే కొన్ని పదుల మైక్రోసెకన్లు కలిసి పెద్దవవుతాయి. రోజంతా ఒకే తీరు రద్దీ ఉండే రికార్డింగ్ సర్వర్లకి, అంటే కెమెరా ఫుటేజీ దాచేవాటికి, స్థిరమైన 125 హాయిగా సరిపోతుంది. 0 మాత్రం, కోర్లు ఖాళీగా ఉండి, ప్రతి మైక్రోసెకనూ డబ్బుగా మారే పని ఉంటే తప్ప పెట్టొద్దు.

రింగ్: చిన్నదా, పెద్దదా

కొళాయి కింద బిందె పెట్టాం. మనిషి వచ్చి ఎత్తుకెళ్లే లోపు నిండిపోతే నీళ్లు నేలపాలు. పెద్ద బిందె పెడితే మనిషికి కాస్త వ్యవధి దొరుకుతుంది. కానీ మోసే మనిషే నెమ్మదైతే ఎంత పెద్ద బిందె అయినా పొంగుతుంది.

ఈ1000ఈలో రింగ్ 256 దగ్గర మొదలవుతుంది, 4096 దాకా పెంచొచ్చు. నిండు గిగాబిట్ లైన్‌లో పెద్ద ప్యాకెట్లు వస్తుంటే 256 అంటే మూడు మిల్లీసెకన్ల వ్యవధి, 4096 అంటే యాభై. అదే 64 బైట్ల ప్యాకెట్లయితే 256కి దొరికేది 172 మైక్రోసెకన్లే. డీఎన్‌ఎస్ సర్వర్లు, వాయిస్ కాల్స్ మోసే గేట్‌వేలు చిన్న రింగ్‌తో ఎందుకు ఇబ్బంది పడతాయో ఈ ఒక్క అంకెలోనే ఉంది.

మా గేట్‌వేలో ఒకప్పుడు రాత్రి బ్యాకప్ నడిచే వేళ రిమోట్ డెస్క్‌టాప్ వాళ్లకి తెర ఆగి ఆగి కదిలేది. మూడు రోజులు ఫైబర్ లైన్‌నే తిట్టుకున్నాం. నాలుగో రాత్రి కూర్చుని ఈథ్‌టూల్ గణాంకాలని సెకనుకోసారి తెరమీద తిప్పుతుంటే, మిస్డ్ అన్న లెక్క కళ్లముందే ఎక్కుతోంది. అంటే ప్యాకెట్ మన కార్డు దాకా వచ్చి, పెట్టడానికి చోటు లేక పోతోంది. రింగ్‌ని 256 నుంచి 1024కి పెంచాం. ఎక్కడం తగ్గింది, ఆగలేదు. అప్పుడు ప్రాక్ అనే ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు చూస్తే రెండు పోర్టుల ఇంటరప్ట్‌లూ సున్నా నంబరు కోర్ మీదే పడుతున్నాయి. బ్యాకప్‌ని కుదించే ప్రాసెస్‌ని కూడా మాలో ఎవరో ఎప్పుడో అదే కోర్‌కి కట్టేసి ఉంచారు. ఆ కట్టు విప్పి, ఒక పోర్టుని వేరే కోర్‌కి మార్చాం. లెక్క అక్కడే నిలిచిపోయింది. నీళ్లు మోసే మనిషికి చేతులు ఖాళీ లేకపోతే బిందె మార్చి ఏం లాభం?

కాబట్టి మిస్డ్ లెక్క పెరగడం లేదంటే రింగ్ జోలికి వెళ్లొద్దు. పెరుగుతుంటే 1024కి, ఆ తర్వాత 2048కి పెంచి చూడండి. అదీ తీసుకునే వైపే. పంపే రింగ్‌ని పెద్దది చేస్తే ప్యాకెట్లు లోపల క్యూ కట్టి కూర్చుంటాయి, పెద్ద అప్‌లోడ్ నడుస్తుండగా వీడియో కాల్ తడబడుతుంది. 3.3 కెర్నెల్ నుంచి వచ్చిన బీక్యూఎల్ (పంపే క్యూ పొడవుని అదుపులో పెట్టే ఏర్పాటు) ఉన్న డ్రైవర్లలో ఈ బాధ చాలావరకు తగ్గింది, అయినా అవసరం లేనిది పెంచడం ఎందుకు? ఇంకొకటి, రింగ్ మార్చగానే చాలా డ్రైవర్లు లింక్‌ని ఒకసారి దించి లేపుతాయి. ఆఫీసు వేళల్లో వద్దు.

ప్రాక్‌లోనే సాఫ్ట్‌నెట్_స్టాట్ అని ఇంకో ఫైలుంది. ఒక్కో కోర్‌కి ఒక్కో వరుస, అంకెలు పదహారు ఆధారంగా ఉంటాయి. రెండో నిలువు వరుస పెరుగుతుంటే కార్డు దాటి వచ్చిన ప్యాకెట్లు కెర్నెల్ వెయిటింగ్ క్యూలో చోటు లేక పోతున్నాయని, నెట్‌డెవ్_మ్యాక్స్_బ్యాక్‌లాగ్‌ని 1000 నుంచి పెంచాలని అర్థం. మూడోది పెరుగుతుంటే కెర్నెల్ తనకిచ్చిన గడువులో పని ముగించలేకపోతోందని, నెట్‌డెవ్_బడ్జెట్ 300ని 600 చేసి చూడొచ్చని అర్థం.

ఆఫ్‌లోడ్‌లు: సర్వర్‌కి ఒక లెక్క, రౌటర్‌కి ఒక లెక్క

సర్వర్ అయితే అన్నీ ఆన్‌లోనే ఉంచండి. టీఎస్‌ఓ ఉంటే కెర్నెల్ 64 కిలోబైట్ల దాకా ఒకే ముద్దగా కార్డుకి ఇచ్చేస్తుంది, ముక్కలు కోసే పని కార్డు చూసుకుంటుంది. ఆపేస్తే ఆ కోత ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. లాగ్‌లో హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అని వస్తూ కార్డు రీసెట్ అవుతుంటే మాత్రం టీఎస్‌ఓ ఆపి చూడటం సరైన పరీక్ష.

రౌటర్, బ్రిడ్జ్, వర్చువల్ మెషీన్లు మోసే మెషీన్ అయితే ఎల్‌ఆర్‌ఓకీ జీఆర్‌ఓకీ తేడా తెలియాలి. రెండూ వచ్చిన ప్యాకెట్లని అతికించి పెద్దవి చేస్తాయి. ఎల్‌ఆర్‌ఓ అతికించేటప్పుడు హెడర్లలోని వివరాలు కొన్ని పోతాయి, మళ్లీ పాత ముక్కలుగా విడదీయడం కుదరదు. తనకోసం వచ్చిన సరుకుకి ఫర్వాలేదు, ఇంకొకరికి చేరవేయాల్సినదానికి పనికిరాదు. 2009లో 2.6.29 కెర్నెల్‌తో వచ్చిన జీఆర్‌ఓ, తిరిగి విడదీయగలిగే విధంగానే అతికిస్తుంది. అందుకని రౌటర్‌లో జీఆర్‌ఓ ఉంచండి, ఎల్‌ఆర్‌ఓ తీసేయండి. ఫార్వర్డింగ్ ఆన్ చేస్తే కెర్నెల్ తనే ఎల్‌ఆర్‌ఓ ఆపేస్తుంది, అయినా పెద్ద కేతో ఒకసారి మీరే ఆపి నిశ్చింతగా ఉండండి.

ప్యాకెట్లని పట్టి చూపించే టీసీపీడంప్‌లో మన ఎంటీయూ 1500 ఉండగా 20 వేల బైట్ల ప్యాకెట్ కనబడిందని, పంపే ప్యాకెట్లన్నిటికీ చెక్‌సమ్ తప్పు అని వస్తోందని కంగారుపడేవాళ్లు చాలామంది. కార్డు ఇంకా కోయకముందు, చెక్‌సమ్ ఇంకా వేయకముందు టీసీపీడంప్ చూస్తోంది, అంతే. తీగ మీదకి వెళ్లేది సరిగ్గానే ఉంటుంది.

ఒక కోరా, నాలుగు కోర్లా

ఐ210లో నాలుగు క్యూలు, ఐ350లో పోర్టుకి ఎనిమిది. ఆర్‌ఎస్‌ఎస్ కనెక్షన్లని వాటిమధ్య పంచుతుంది. ఒకే కనెక్షన్ ఒకే క్యూకి వెళుతుంది కాబట్టి ఒక్క ఫైలు కాపీకి దీనివల్ల వేగం పెరగదు, వందమంది వాడే సర్వర్‌కి పెరుగుతుంది. కోర్ల కేటాయింపుకి ఐఆర్‌క్యూబ్యాలెన్స్ అనే ప్రోగ్రాం చాలు. ఆలస్యం మరీ ముఖ్యమైన చోటే దాన్ని ఆపి చేత్తో కేటాయించండి.

మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద వస్తాయి. ఆ పొర లోపలున్న చిరునామాలని చాలా కార్డులు చదవలేవు, మొత్తం రద్దీని ఒకే క్యూలోకి తోసేస్తాయి. ఎనిమిది క్యూల కార్డు కొన్నా ఒకే కోర్ మండుతుంటే కారణం ఇదే. అలాంటి చోట కెర్నెల్‌లోని ఆర్‌పీఎస్ ఆన్ చేయండి. 2.6.35 నుంచి ఉంది. అది సాఫ్ట్‌వేర్‌లో పీపీపీఓఈ లోపలికి చూసి పంచుతుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి వెళ్లి సెకండ్ హ్యాండ్ నాలుగు పోర్టుల కార్డు కొనే ముందు దీన్ని ప్రయత్నించండి, డబ్బు మిగలొచ్చు.

జంబో ఫ్రేముల, అంటే మామూలుకన్నా పెద్ద ప్యాకెట్ల, సంగతి క్లుప్తంగా. 9000 ఎంటీయూతో 941 కాస్తా 990 అవుతుంది. దానికోసం ఆ నెట్‌వర్క్‌లో ప్రతి స్విచ్చూ, ప్రతి కార్డూ ఒకే మాట మీద ఉండాలి. సర్వర్‌కీ స్టోరేజీకీ మధ్య విడి తీగ ఉంటే చేయండి. ప్రింటర్లూ ఫోన్లూ కలిసి ఉన్న ఆఫీసు లాన్‌లో వద్దే వద్దు.

రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే

ఈథ్‌టూల్‌తో మార్చినవన్నీ రీబూట్‌తో పోతాయి. ప్రయోగాల దశలో ఇది మనకు మేలే. ఏదైనా తప్పితే మెషీన్ ఆపి ఆన్ చేస్తే చాలు. వారం రోజులు చూశాకే శాశ్వతం చేయండి. నెట్‌వర్క్ మేనేజర్ ఉన్న చోట కనెక్షన్ ప్రొఫైల్‌లోనే రింగ్, ఇంటరప్ట్, ఆఫ్‌లోడ్ విలువలు రాయొచ్చు, అదే శుభ్రమైన దారి. అది లేని సర్వర్లలో సిస్టమ్‌డీ లింక్ ఫైలు. డెబియన్ పాత పద్ధతిలో ఇంటర్‌ఫేసెస్ ఫైలు వాడుతుంటే పోస్ట్-అప్ వరుస. బూట్‌లో ఒక్కసారే నడిచే ఆర్‌సీ.లోకల్‌లో మాత్రం పెట్టకండి, కేబుల్ తీసి పెట్టినప్పుడో ఇంటర్‌ఫేస్ మళ్లీ లేచినప్పుడో అది నడవదు. మాడ్యూల్ ఆప్షన్ మార్చితే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైళ్ల మూట) కూడా కొత్తగా కట్టాలి. డ్రైవర్ అక్కడినుంచే లోడవుతుంటే, మీరు రాసిన ఫైలు దానికి కనబడదు.

దూరంగా ఉన్న మెషీన్ అయితే మార్పు చేసే ముందు, అయిదు నిమిషాల తర్వాత పాత విలువలు తిరిగి పెట్టే ఒక వరుసని బ్యాక్‌గ్రౌండ్‌లో నడపండి. లైన్ బతికి ఉంటే లోపలికి వెళ్లి దాన్ని చంపేయండి. పోతే అయిదు నిమిషాల్లో అదే తిరిగి వస్తుంది.